నోటికి వచ్చిన కీర్తన



మిల్లు వాడల్లో ఉండే మా తెలుగు క్రైస్తవ కుటుంబాల ఆరాధన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. ఇరవై ఏండ్లకు పైగా లూముల కాడ నిలబడి పనిచేసినవాణ్ణి. పెద్ద వేదాంతం నాకు రాదు. కళ్లతో చూసింది, పెద్దల నోట విన్నది, ఆదివారపు బడిలో నేర్చుకున్నది రాస్తాను. హిందూ సోదరులు, ముసల్మాను సోదరులు కూడా చదవండి. ఇందులో మీ ఇంటి సంగతి కూడా కొంచెం కనిపిస్తుంది.

ఈ మధ్య మా వాడలో ప్రతి ఇంట్లోనూ ఒక మాట వింటున్నాం. సాయంత్రం ప్రార్థనకు కూర్చుని పెద్దవాళ్లు ఒక కీర్తన ఎత్తుకోగానే మనవడో మనవరాలో, "ఇంకా ఈ పాత పాటలేనా తాతా? ఒక్క ముక్క అర్థం కాదు" అంటారు. పిల్లలు పొగరుతో అనే మాట కాదది. నిజంగానే అర్థం కావడం లేదు. మద్రాసులో పుట్టి, తమిళంలోనో ఇంగ్లీషులోనో చదువుకుని, తెలుగును ఇంట్లో చెవులతో మాత్రమే విన్న పిల్లలు. "అపరాధిని" అంటే ఏమిటని అడుగుతారు, "ఘనుడు" అంటే ఎవరని అడుగుతారు. అడిగితే చెప్పాలి కదా. కొందరు పెద్దలు చెప్పకుండా కసురుకుంటారు. ఇంకొందరు ఎందుకొచ్చిన గొడవ అని కీర్తన మానేసి టీవీ పెడతారు. కసిరినా మానినా కీర్తన మాత్రం ఆ ఇంట్లో ఆగిపోతుంది.

అసలు ఈ పాటలు మన దగ్గరికి ఎట్లా వచ్చినయ్యో, వీటిని ఎందుకు పట్టుకోవాలో, ఏది పట్టుకోవాలి, ఏది వదిలినా పరవాలేదో చెప్పాలని ఈ వ్యాసం.

కాలవ తవ్విన చేతులు

మా వాడలో సగానికి పైగా కుటుంబాల మూలం ఒంగోలు, నెల్లూరు వైపు పల్లెలు. మా తాత వాళ్లదీ ఆ వైపే. అక్కడ క్రైస్తవం వ్యాపించిన కథ చిన్నదేమీ కాదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అయిదుగురు మోకరించి ప్రార్థన చేసినారు. జూయెట్ దొర, దొరసాని, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు. అంతే జనం. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. తర్వాత 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చినాడు.

1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో చాలా భాగం ఎండిపోయింది. పల్లెల్లో జనం పిట్టల్లా రాలిపోయినారు. అప్పుడు ప్రభుత్వం బకింగ్‌హాం కాలవ తవ్విస్తా ఉంది. క్లౌ దొర ఆ కాలవలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, కరువు జనానికి తట్ట, పార ఇచ్చి కూలి ఇప్పించినాడు. పని చేసినవాళ్లలో ఎక్కువమంది మాదిగ పల్లెల వాళ్లు, మాల పల్లెల వాళ్లు. ఊరి బావి కాడికి కూడా రానివ్వని మనుషులు.

ఇక్కడ మన పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటి ఉంది. కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మం అడిగినవాళ్లకు దొర ఇవ్వలేదు. గంజి కోసం మతంలో కలిసినారనే మాట రాకూడదని ఆపినాడు. కరువు తగ్గి, కూలి పని ముగిసినాక, ఇక ఇచ్చేదేమీ లేదు, ఊళ్లకు పొమ్మన్నాక కూడా జనం వచ్చినారు. 1878 జూలై 3న వెలంపల్లి కాడ గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం పొందినారు. ఏట్లో దిగి ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులే, వంతుల వారీగా. బియ్యపు క్రైస్తవులు అని ఎవరైనా మన బిడ్డలను ఎగతాళి చేస్తే, ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి. కోపం అవసరం లేదు.

ఆ బకింగ్‌హాం కాలవే మద్రాసు నడుమ నుంచి కూడా పోతుంది. బేసిన్ బ్రిడ్జి కాడ మనం రోజూ ముక్కు మూసుకుని దాటే నల్ల నీళ్ల కాలవ అదే. ఆ పేరుతోనే పెరంబూరులో మిల్లు కూడా ఉండింది. అక్కడ కాలవ తవ్విన మనుషుల పిల్లలూ మనవలూ ఇక్కడికి వచ్చి మిల్లుల్లో కూలికి చేరినారు. 1878లోనే జూయెట్ దొర కూడా నెల్లూరు నుంచి మద్రాసు వచ్చి తెలుగు వాళ్ల మధ్య పని మొదలుపెట్టినాడు. మన మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది 1918లో. దానికి నలభై ఏండ్ల ముందు నుంచే ఈ పట్నంలో తెలుగు ప్రార్థన నడుస్తా ఉందన్నమాట.

చదువు రానివాళ్ల పుస్తకం

ఆ వచ్చినవాళ్లు ఏం తెచ్చుకున్నారు? ఒక మూట బట్టలు, ఒక కుండ, నోట్లో కొన్ని కీర్తనలు. పుస్తకం తెచ్చుకున్నవాళ్లు తక్కువ, ఎందుకంటే చదవడం వచ్చినవాళ్లే తక్కువ.

తెలుగులో సువార్తలు అచ్చయ్యింది 1812లో, బెంగాలులోని శ్రీరాంపూరు అచ్చుకూటంలో. అంటే పుస్తకం ఉంది. కానీ చదివే చదువు మన వాళ్లకు ఎవరిచ్చినారు? బడి గడప తొక్కనివ్వని రోజులు. అట్లాంటి జనంలోకి వాక్యం పోవాలంటే చెవి దారినే పోవాలి. ఆ దారి వేసినవి కీర్తనలు.

తెలుగు క్రైస్తవ కీర్తనలకు ముందు నిలిచిన పేరు పురుషోత్తమ చౌదరిగారిది. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టినారు. ఆ పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది. ఒడిశాలో ఉన్న మన తెలుగు పాఠకులు ఇది గుర్తుపెట్టుకోవాలి, ఈ పాటల గంగ మీ వైపు నుంచే బయలుదేరింది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, సంస్కృతం చదివి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, 1890 దాకా బతికినారు. ఆయన రాసిన కీర్తనలు వంద దాటి ఉన్నాయి. కులం పోయింది, బంధువులు పోయినారు, ఆయన సంగీతం మాత్రం ఆయనతోనే ఉండింది. దాన్ని తీసుకొచ్చి ప్రభువు పాటకు పెట్టినారు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. వాళ్లు, అందరికీ ఆ పుస్తకం ఉమ్మడి సొత్తు. పాట మీద రాగం, తాళం రాసి ఉంటాయి. శంకరాభరణం, ఆనందభైరవి, తోడి, ఆదితాళం అని. కచేరీ సభల్లో వినే పేర్లు అవి. మనల్ని ఆ సభల్లోకి రానిచ్చిన కాలం కాదు. అయినా మా అవ్వ, చేతి వేలు తప్ప సంతకం తెలియని మనిషి, ఆనందభైరవిలో పాడేది. అది ఆనందభైరవి అని ఆమెకు తెలియదు. "ఏడ్చేటప్పుడు పాడే మెట్టు" అనేది.

కీర్తన కట్టుబాటు చూడండి. ముందు పల్లవి. తర్వాత చరణం. ప్రతి చరణం చివర పల్లవి మొదటి మాట రెండు గీతల మధ్య అచ్చు వేస్తారు, మళ్లీ మొదటికి రమ్మని గుర్తు. ముందు పాడేవాడు ఒక వరస చెబుతాడు, వెనక అందరూ అదే అంటారు. చదువు వచ్చినవాడు ఒక్కడు ఉంటే చాలు, నలభై మంది పాడొచ్చు. నాలుగు వారాలు పాడితే ఆ ఒక్కడూ అక్కరలేదు. పల్లవి నోటికి వస్తుంది, చరణం దాని వెనక వస్తుంది. పుట్టుక, శ్రమ, సిలువ, పునరుత్థానం, పాపం ఒప్పుకోవడం, తృప్తి, చావు, అన్నీ ఆ పాటల్లో ఉన్నాయి. బైబిలు చదవలేని మనిషికి ఆ పుస్తకమే బైబిలు, అది కూడా చేతిలో కాకుండా నోట్లో.

అందుకే నేను చెప్పేది, ఈ కీర్తనలు పండితుల సొమ్ము అని భయపడొద్దు. మాటలు కొంచెం పెద్దవి, నిజమే. కానీ ఇవి నిలబడింది పండితుల వల్ల కాదు. చదువు రాని కూలీల వల్ల నిలబడినాయి.

మిల్లు గంట, గుడి గంట

మిల్లులో పనిచేసేవాడికి ఆదివారం కూడా ఎప్పుడూ తనది కాదు. ఒకటో షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు. బదిలీ వాళ్లయితే పొద్దున్నే గేటు కాడ నిలబడి పిలుపు కోసం చూడాలి. రాత్రి షిఫ్టు దిగినవాడు ఒంటి మీద దూదితోనే వచ్చి వెనక చాప మీద కూర్చునేవాడు. ప్రసంగం నడుమ కునుకు తీసేవాడు. పాస్టరయ్య చూసీ చూడనట్టు ఊరుకునేవారు. కీర్తన ఎత్తుకోగానే మాత్రం మెలకువ వచ్చి గొంతు కలిపేవాడు. కళ్లు మూసుకునే పాడేవాడు. పుస్తకంతో పని లేదు కాబట్టే అది కుదిరింది.

లూముల ఖాతాలో పనిచేసినవాళ్లకు తెలుసు. వందల లూములు ఒక్కసారి కొడుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటాం. ఆ చప్పుడులో పాడుకోవచ్చు, ఎవరికీ వినపడదు, ఎవరూ తప్పు పట్టరు. షటిలు అటూ ఇటూ కొట్టుకునే లెక్కకు తాళం కలిసేది. నా ఎదుటి లూములో ఉన్నాయన పెదాలు కదలడం చూసి, ఏ కీర్తన పాడుతున్నాడో నేను పోల్చేవాణ్ణి. ఆయన చరణం కాడ ఉంటే నేను పల్లవి అందుకునేవాణ్ణి. ఇద్దరికీ ఒకరి గొంతు ఒకరికి వినపడదు. అది కూడా ఆరాధనే అని నేను నమ్ముతాను.

ఏడాదికి ఒక వరస ఉండేది. శ్రమకాలంలో వారానికి ఒక ఇంట్లో కూడిక. మట్టల ఆదివారం నాడు పిల్లలు ఈత మట్టలు పట్టుకుని లైను చుట్టూ తిరిగేవాళ్లు. శుభ శుక్రవారం పగలు పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం. ఆ రోజు సెలవు లేని వాళ్లు టీ విరామంలో వచ్చి ఒక్క మాట విని పోయేవాళ్లు. పునరుత్థాన పండుగ నాడు చీకటితోనే సమాధుల తోటకు పోయి దీపాలు పెట్టి పాడటం. కోతల పండుగకు మనకు పొలాలు ఎక్కడివి? అయినా గుమ్మడికాయ, కోడి, అరటి గెల తెచ్చి పెట్టి వేలం పాడేవాళ్లు. రూపాయి కాయను అయిదు రూపాయలకు పాడి, మళ్లీ తెచ్చి అక్కడే పెట్టేవాళ్లు. డిసెంబరులో పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగితే, హిందువుల ఇండ్లలోనూ దీపం పెట్టి కాఫీ ఇచ్చేవాళ్లు. వాళ్ల పిల్లలు మా వెంట నడిచేవాళ్లు.

ఆడవాళ్ల పని వేరే ఉండేది. అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ప్రతి పూటా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవాళ్లు. ఆదివారం ఆ బియ్యం గుడికి. జీతం ఆలస్యమైన నెలలో కూడా ఆ పిడికెడు ఆగేది కాదు. మా గుడికి పెంకులు ఆ బియ్యంతో వచ్చినయ్యని పెద్దలు చెప్పుకునేవాళ్లు.

ఇప్పటి సంగతి

మిల్లులు మూతపడినాయి. లైను ఇండ్లు పోయి కొందరు దూరంగా కట్టిన అపార్టుమెంట్లలోకి పోయినారు. కొడుకులు డెలివరీ బండ్ల మీద, కూతుండ్లు ఆస్పత్రుల్లో, కంపెనీల్లో. ఆదివారం అందరూ ఒక చోట కూడటం కష్టమైంది.

గుడిలోనూ మార్పు వచ్చింది. గోడకు తెర కట్టినారు. పాట అక్షరాలు దాని మీద వస్తాయి. కీబోర్డు, డ్రమ్ము, మైకు. వాయించే పిల్లలకు మంచి విద్య ఉంది, నేను కాదనను. కొన్ని కొత్త పాటలు వింటే నాకూ కన్నీళ్లు వస్తాయి. తమిళ పాటలు పాడినా నాకు బాధ లేదు. ఈ గడ్డ నీళ్లు తాగి బతికినాం, ఇక్కడి కోడండ్లను తెచ్చుకున్నాం. వాళ్ల భాషలో దేవుణ్ణి పాడితే తప్పేముంది?

పాతదంతా పవిత్రం, కొత్తదంతా పాడు అనే మాట కూడా నాకు నచ్చదు. మనం పాతది అనుకునే హార్మోనియం ఎక్కడిది? ఫ్రాన్సు దేశంలో పుట్టిన పెట్టె. అది మొదట మన గుడిలోకి వచ్చిన రోజు ఎవరో ఒక పెద్దాయన గొణిగే ఉంటాడు. మన పుస్తకంలోనే ఇంగ్లీషు మెట్లలో పాడే పాటలు కూడా ఉన్నాయి. కాబట్టి వాయిద్యం గురించి తగాదా పడటం దండగ.

నా బాధ వేరు. తెర వచ్చినాక ఎవరికీ ఏదీ నోటికి రావడం లేదు. అక్షరాలు కళ్ల ముందు నడుస్తాయి, పాట అయిపోతుంది, అక్షరాలు పోతాయి, పాట కూడా పోతుంది. మూడు నెలలకు ఒక కొత్త పాట వస్తుంది, పాతబడుతుంది, ఇంకొకటి వస్తుంది. మైకు ముందు నలుగురు పాడతారు, కింద నాలుగు వందల మంది వింటారు. ముందు ఒకడు చెబితే అందరూ అనే పద్ధతి పోయి, కొందరు పాడితే అందరూ చూసే పద్ధతి వచ్చింది. ఇంటికి పోయి సాయంత్రం ప్రార్థనకు కూర్చుంటే ఎవరికీ పాట రాదు. ఫోనులో పెట్టుకుంటారు.

2020లో కరోనా వచ్చి మార్చి నెలాఖరులో అన్నీ మూసినప్పుడు ఈ తేడా బాగా తెలిసింది. ఆ ఏడు శుభ శుక్రవారం, ఏప్రిల్ 10, గుడి తలుపు తెరవలేదు. ఫోనులో ఆరాధన వచ్చింది. అది గొప్ప మేలు, కాదనను. మంచంలో ఉన్న ముసలివాళ్లు కూడా చూడగలిగినారు. కానీ చాలా ఇండ్లలో ఆరాధన చూడటం అయింది, చేయడం కాలేదు. పాట నోటికి వచ్చిన పెద్దవాళ్లున్న ఇండ్లలో మాత్రం ఫోను కట్టేసినాక కూడా పాట ఆగలేదు.

తుఫాను వారం

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను మద్రాసును ముంచింది. ఉత్తర మద్రాసు పేటల్లో ఇండ్లలోకి నీళ్లు వచ్చినాయి. మా వీధిలో కరెంటు పోయి రోజులు గడిచినాయి. ఫోన్లు చచ్చిపోయినాయి. కింది ఇండ్ల వాళ్లంతా మేడ మీదికి వచ్చి చేరినారు. మా క్రైస్తవ కుటుంబాలు మూడు, పక్కన తమిళ హిందూ కుటుంబాలు రెండు, ఒక ముసల్మాను ఆమె, ఆమె బిడ్డ. ఒకే పొయ్యి, ఒకే కుండ గంజి.

రెండో రాత్రి పిల్లలు చీకటికి భయపడి ఏడుపు మొదలుపెట్టినారు. కింద నీళ్లు కదిలే చప్పుడు వినిపిస్తా ఉంది. మా వీధిలో ఎనభై దాటిన ఒక అవ్వ ఉంది. మిల్లులో బాబిన్ల ఖాతాలో చేసిన మనిషి. ఆమె గోడకు ఆనుకుని ఒక కీర్తన ఎత్తుకుంది. క్రీస్తు పుట్టుక పాట, డిసెంబరు నెల కదా. నాలుగైదు గొంతులు కలిసినాయి. ఆరు చరణాలు, ఒక్క మాట తప్పలేదు. అది అయినాక ఇంకొకటి. అర్ధరాత్రి దాకా పాడినాం. పిల్లలు ఎప్పుడు నిద్రపోయినారో చూసుకోలేదు.

మూడో రోజు సాయంత్రం మా వీధి పిల్లలే అవ్వ కాడికి పోయి, "మళ్లీ పాడు అవ్వా, మేము అంటాం" అన్నారు. ఆమె ఒక వరస చెప్పింది, పిల్లలు అన్నారు. ఆ పిల్లలకు తెలుగు అక్షరం ఒక్కటి రాదు. అయినా మూడు రోజుల్లో ఒక పల్లవి, రెండు చరణాలు నోటికి వచ్చినాయి. పాత పాట పిల్లలకు ఎక్కదు అనేవాళ్లకు నా దగ్గర ఉన్న జవాబు ఇది. చెప్పేవాళ్లు పక్కన కూర్చుంటే ఎక్కుతుంది.

ఆ అవ్వ కాలం చేసి ఏడాది అవుతుంది. ఆమెకు వచ్చిన కీర్తనల్లో మేము నేర్చుకున్నవి సగం కూడా లేవు. మిగతావి పుస్తకంలో ఉన్నాయి, కానీ ఆమె పాడిన మెట్టు పుస్తకంలో లేదు. రాగం పేరు అచ్చులో ఉంటుంది, గొంతు ఉండదు కదా. ఒకే కీర్తనను నెల్లూరు వైపు ఒక మెట్టులో, గోదావరి వైపు ఇంకొక మెట్టులో పాడతారు. మన వాడ మెట్టు మన ముసలివాళ్లతోనే పోతుంది.

మనం చేయగలిగింది

పెద్ద పెద్ద సభలు పెట్టక్కరలేదు, చందాలు ఎత్తక్కరలేదు. మా వాడలో మొదలుపెట్టిన పనులు చెబుతాను, మీకు కుదిరినవి చేయండి.

మొదటిది, నెలకు ఒక్క కీర్తన. పన్నెండు నెలలకు పన్నెండు. ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో నెలంతా అదే పాడండి. పుస్తకం మూసి పాడండి. ఒకరు చెప్పాలి, మిగతావాళ్లు అనాలి. అర్థం తెలియని మాట వస్తే ఆగి చెప్పండి. చెప్పేవాళ్లకు కూడా తెలియకపోతే పాస్టరయ్యను అడగండి, అందులో చిన్నతనం లేదు.

రెండోది, అక్షరాలు. తెలుగు చదవడం రాని పిల్లలకు తమిళ అక్షరాల్లో పాట రాసి ఇస్తున్నాం. అది చేతికర్ర లాంటిది, కొన్నాళ్లకే. ఆదివారపు బడి అయినాక అరగంట తెలుగు ఓనమాలు చెబుతున్నాం. మా నాయన కాలంలో చాలామంది కీర్తనల పుస్తకం పట్టుకునే అక్షరాలు నేర్చుకున్నారు. పాట ముందే నోటికి వచ్చి ఉంటుంది కాబట్టి, ఏ అక్షరం ఏ శబ్దమో వేలు పెట్టి పోల్చుకునేవాళ్లు. నేను కూడా బడి మానినాక మర్చిపోకుండా ఉన్నది అట్లానే. ఇప్పుడు పిల్లలతో అదే చేస్తున్నాం.

మూడోది, ఫోను. దాన్ని తిట్టడం మాని పనికి పెట్టండి. మీ వాడలో ఎనభై దాటిన అవ్వలు, తాతలు ఉంటే, వాళ్లను కూర్చోబెట్టి పాడించి ఫోనులో పట్టి ఉంచండి. ఏ కీర్తన, ఎవరి గొంతు, ఏ ఊరి మెట్టు అని ముందు చెప్పించండి. ఈ పని పిల్లలకే అప్పజెప్పండి. మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలు ఇది చేస్తున్నారు. పాత పాటలు వద్దన్న పిల్లలే వాళ్లు.

నాలుగోది, గుడిలో ఒక్క పాట. తెర తీసేయమని అడగడం లేదు. ప్రతి ఆదివారం ఒక్క కీర్తన తెర లేకుండా, మైకు లేకుండా, అందరి గొంతుతో పాడదామని సంఘ పెద్దలను అడిగినాం. మొదటి వారాలు గుడి నిశ్శబ్దంగా ఉండేది, జనం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఇప్పుడు పల్లవి దాకా అందరూ వస్తున్నారు. చరణాలకు ఇంకా టైము పడుతుంది.

అయిదోది, తమిళ ఇండ్ల నుంచి వచ్చిన కోడండ్లు. వాళ్లను తప్పు పట్టొద్దు. నీకు తెలుగు రాదు అని పక్కన కూర్చోబెట్టొద్దు. వాళ్లకు వచ్చిన తమిళ కీర్తన ఒకటి పాడించుకుని మనం నేర్చుకుంటే, మనది వాళ్లు నేర్చుకుంటారు. పిల్లలకు పాట తల్లి నోటి నుంచే ముందు వస్తుంది. కోడలు పాడని ఇంట్లో మనవలు పాడరు.

షోలాపూరులో, భివండీలో, బెంగుళూరులో, బరంపురంలో ఉన్న తెలుగు కుటుంబాలకు కూడా ఇదే బాధ ఉంటుందని నాకు తెలుసు. మీది భజన కావచ్చు, బతుకమ్మ పాట కావచ్చు, మార్కండేయుని కథ కావచ్చు. భాష మరాఠీ అయ్యేకొద్దీ, కన్నడం అయ్యేకొద్దీ ముందు జారిపోయేది పాటే. మీ పెద్దలను కూడా కూర్చోబెట్టి పాడించుకోండి.

మా క్రైస్తవ కుటుంబాలకు చివరగా ఒక మాట. మన తాతలకు ఆస్తి లేదు, అక్షరం లేదు, ఊరి నడుమ ఇల్లు లేదు. వాళ్లు నమ్మినదాన్ని నోట్లో పెట్టుకుని గుండ్లకమ్మ నుంచి ఇంత దూరం మోసుకొచ్చినారు. మన బిడ్డలకు ఇల్లు ఉంది, చదువు ఉంది, చేతిలో ఫోను ఉంది. వాళ్ల నోట్లో పెట్టవలసినది మాత్రం మన దగ్గర ఉంది. ఈ నెల ఏ కీర్తన మొదలుపెట్టాలో ఈ ఆదివారమే ఇంట్లో కూర్చుని అనుకోండి. మీ వాడలో ఏం చేస్తున్నారో పత్రికకు ఒక కార్డు ముక్క రాస్తే, మిగతా వాడల వాళ్లు కూడా చదువుకుంటారు.